నూట నలభై దగ్గర నిలిచిన గడ

మా ఊరి దగ్గర సముద్రం నాలుగేళ్ళుగా ఒక్క వేలెడు కూడా తగ్గలేదట. సర్కారు కాగితాల్లో అలా ఉందట. ఆ మాట విని నాకు మొదట నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. మా పడవలు బురదలో కూలబడి రెండేళ్ళయింది. బెకెట్ పడవను నీళ్ళలోకి దించాలంటే ఆరుగురు మగాళ్ళూ ఒక ట్రాక్టరూ కావాలి. సముద్రం మాత్రం తగ్గలేదట!

ఆ మాట చెప్పింది జానియా. అతిరావ్ పట్నంలో నీటి కొలతల ఆఫీసులో పని చేసే పిల్ల, ముప్పై దాటి ఉండవు. పొద్దున్నే జీపు వేసుకుని వచ్చి మా ఇంట్లో టీకి కూర్చుంది. మా కోడలు ఉల్బోసిన్ పాల టీ పోస్తోంది. బెకెట్ గుమ్మం పక్కన చతికిలబడి చెవులు రిక్కించి వింటున్నాడు. వాడు చనిపోయిన మా అన్న కొడుకు. పదేళ్ళప్పటి నుంచి నేనే పెంచాను. రేవు నుంచి లోతు నీళ్ళ దాకా ఈ వేసవిలో కాలువ తవ్వకపోతే, పడవ ఇంజను ఊడదీసుకుని కరాషెన్ వెళ్ళిపోతానని నెల కిందటే తేల్చి చెప్పాడు. కరాషెన్ మా పక్క ఊరు. వాళ్ళకు రెండేళ్ళ కిందటే కాలువ తవ్వారు. మాకు తవ్వలేదు. ఎన్ని అర్జీలు పెట్టినా ‘కొలతలు మీ కోరికను బలపరచడం లేదు’ అని ఒకటే జవాబు. కరాషెన్ వాళ్ళు ఎవరికో బాగా తినిపించి ఉంటారని ఊరంతా అనుకున్నాం. అందరికంటే గట్టిగా అన్నది నేనే.

“ఏ కొలతలమ్మా?” అని అడిగాను. “మా ఊరొచ్చి కొలిచిన మొనగాడు ఎవడు?”

జానియా ఉల్బోసిన్ వైపు చూసింది. “మీ కోడలే కదా పెద్దనాన్నా. రోజూ పొద్దున ఎనిమిదింటికి, సాయంత్రం ఎనిమిదింటికి. మీ రేవులో పాతిన గీతల గడ మీద నీళ్ళు ఎంతున్నాయో చూసి ఫోన్లో చెప్తుంది. మంచు నెలలు తప్ప నాలుగేళ్ళలో ఒక్క రోజు మానలేదు. తీరం మొత్తం మీద ఇంత శ్రద్ధగా చేసేవాళ్ళు లేరు.”

నాకు ఛాతీ పొంగింది. మా ఇంటి పిల్ల అంటే మాటలా! ఆ గడ కూడా గాలీవానా కబుర్లు చెప్పడానికి పెట్టినదనే నేను అనుకున్నాను గానీ, కాలువకూ దానికీ సంబంధం ఉందని నాకెవరు చెప్పారు?

“మరి కరాషెన్‌లో గడ చూసేది ఆ సాగీగాడే కదా,” అన్నాను. “అంత బద్ధకస్తుణ్ణి నేను పుట్టి చూడలేదు. గడ చుట్టూ నీళ్ళు పోయి పొడి బురదలో నిలబడితే, వాడు దాన్ని జరపను కూడా జరపలేదు. ‘నీళ్ళు లేవు’ అని రాసి పడుకున్నాడు. వాడి రాతలు పట్టుకుని వాళ్ళకి కాలువ ఇచ్చారా?”

“అవును. అవి చూసే ఇచ్చారు.” జానియా గిన్నె కింద పెట్టింది. “నేనొచ్చింది కూడా అందుకే. రెండు ఊళ్ళ మధ్య దూరం పాతిక కిలోమీటర్లు. ఒకే సముద్రం అక్కడ తగ్గి ఇక్కడ తగ్గకపోవడం ఏమిటి? మా ఆఫీసులో ఇద్దరు పెద్ద శాస్త్రవేత్తలు మీ రేవు అడుగున ఏదో ఊట ఉండి ఉంటుందని వ్యాసం కూడా రాశారు. నాకు నమ్మకం కుదరలేదు. పెద్దనాన్నా, ఆ గడని ఎవరైనా కదిపారా?”

“కదపడమా!” అన్నాను. “చలికాలంలో సముద్రం గడ్డకట్టి ఆ మంచు కదిలితే అది మొదలంటా విరిగిపోతుంది. ఎండలు వచ్చాక మీవాళ్ళు కొత్త గడ పంపుతారు, పాతడానికి మాత్రం మనిషిని పంపరు. నా చేతులతో నేను పాతాను, నాలుగు సార్లు. అడ్డదిడ్డంగా కాదు. మంచు రాకముందు ఆఖరి రోజున గడ ఎంత చూపించిందో పుస్తకంలో చూసుకుని, సరిగ్గా అంత దగ్గరే పాతాను. ఒక్క సెంటీమీటరు తేడా ఉంటే ఈ మీసం గీయించేస్తా.”

“ఎంత చూపించేది?”

“నూట నలభై. ఎండాకాలంలో అటూ ఇటూ ఊగినా మంచు వేళకి మళ్ళీ అక్కడికే వచ్చేది.”

“మరి... మీరు పాతే నాటికి అక్కడ నీళ్ళు తగ్గిపోయి ఉంటే?”

“ఇంకాస్త లోపలికి వెళ్తాం. గడ మొదలు బురదలోకి దిగాక నీళ్ళు నూట నలభై గీతను తాకే చోటుదాకా వెళ్ళి, అక్కడ దిగ్గొడతాం.”

ఉల్బోసిన్ పోస్తున్న టీ గిన్నె నిండి, గుడ్డ మీద పారి, నూనెలో వేయించిన బౌర్సాకు రొట్టెల కింద చేరింది. తను చూసుకోలేదు. నాకు అప్పటికీ వెలగలేదు. అంత పద్ధతిగా చేసిన పనికి మెచ్చుకోవాల్సింది పోయి జానియా మొహం ఎందుకలా పాలిపోయిందని చూస్తున్నాను.

మొదట అర్థమైంది బెకెట్‌కే. “బాబాయ్,” అన్నాడు లేచి నిలబడి. “సముద్రం ఎంత వెనక్కి పోతే గడని అంత ముందుకి తీసుకెళ్ళావ్. ఇంక అది తగ్గినట్టు ఎలా చూపిస్తుంది?”

చేతిలో బౌర్సాకు చేతిలోనే ఉంది. నేనేం చేశానో ఒక్కసారిగా కళ్ళకు కట్టింది. నడుం లోతు నీళ్ళలో నిలబడి, గడను ఇటు జరిపి అటు జరిపి, ‘ఆఁ, నూట నలభై, కొట్టండి’ అని కేకలేసింది నేనే. పక్క ఊరి సాగీని బద్ధకస్తుడని నవ్వుకుంటూ కేకలేశాను.

జానియా సంచిలోంచి ఒక కాగితాల కట్ట తీసింది. “ప్రతి ఏడూ గడ పాతగానే ఒక ఫారం నింపాలి. ‘తిరిగి పాతినవారి పేరు, స్థలం’ అని ఉంటుంది. ఇవిగో మీవి. నాలుగూ ఖాళీ. అది ఖాళీగా ఉంటే కొత్త గడని పాత చోటే, పాత ఎత్తులోనే పాతారని మేం లెక్క వేసుకుంటాం. ఎందుకు వదిలేశావు ఉల్బోసిన్?”

ఉల్బోసిన్ తల వంచుకుంది. చెవులు ఎర్రగా కందిపోయాయి. “పాతింది మావయ్యగారు. ఆయన పేరు నేనెలా రాస్తానండీ?”

జానియా కూడా మా జాతి పిల్లే. మా కట్టుబాటు తనకూ తెలుసు. మామ పేరు కోడలు నోటితో అనదు, చేత్తో రాయదు. ఉల్బోసిన్ నన్ను గౌరవించింది. నాలుగేళ్ళు, నాలుగు ఫారాల మీద.

“ఊరుకుని లాభం లేదు,” అని జానియా లేచింది. “పాత గడల మొదళ్ళు ఉన్నాయా?”

ఉన్నాయి. అందరం రేవుకు వెళ్ళాం. మూతపడిన చేపల ఫ్యాక్టరీ గోడకు వెనకటి రోజుల్లో ఎత్తు కొలవడానికి గుర్తుగా కొట్టిన ఇనుప మేకు ఒకటుంది. దాని ఎత్తు ఆఫీసు వాళ్ళ పుస్తకంలో ఉందట. అక్కడ మూడు కాళ్ళ యంత్రం నిలబెట్టి, అద్దంలోంచి చూస్తూ కొలవడం మొదలుపెట్టింది. గీతల కర్ర పట్టుకుని బెకెట్ బురదలో నడిచాడు. విరిగిన మొదళ్ళు ఒకదాని తర్వాత ఒకటి సముద్రం వైపు వరసగా ఉన్నాయి. మొదటిది ఇప్పుడు గడ్డిలో ఉంది. దాని పక్కన ఒక ఒంటె పడుకుని నెమరు వేస్తోంది. అక్కడ నేను ఒకప్పుడు నడుం లోతున నిలబడ్డానంటే నాకే నమ్మకం కలగలేదు. నీళ్ళు పోతున్నాయని తెలుసు. గాలి తీసుకెళ్ళింది, గాలే తెస్తుందని అనుకుంటూ వచ్చాం. ఇంత పోయిందని మాత్రం ఎవరికీ తెలియదు.

మధ్యాహ్నానికి లెక్క తేలింది. జానియా రెండు సార్లు కూడింది, మూడోసారి బెకెట్ చేత కూడించింది.

“నూట పద్దెనిమిది సెంటీమీటర్లు,” అంది. “నాలుగేళ్ళలో. కరాషెన్ దగ్గర మేం కొలిచినదానితో సరిపోయింది.”

బెకెట్ మొహం వెలిగిపోయింది. కర్ర పక్కన పడేసి నా భుజం పట్టుకుని ఊపేశాడు. “పోనీలే బాబాయ్! తప్పయితే అయింది, నిజం బయటపడింది కదా! ఈ కాగితం చూపిస్తే ఇంక వాళ్ళేమంటారు? కాలువ ఇచ్చి తీరాలి. ఏమంటారక్కా?”

నాకూ ప్రాణం లేచొచ్చింది. ఆ క్షణంలో సాగీ కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకునేవాణ్ణే.

జానియా బెకెట్ వైపు చూడలేదు. యంత్రం కాళ్ళు మడుస్తూ నెమ్మదిగా అంది: “పూడిక తీసే ఓడ మా దగ్గర ఒకటే ఉంది. అది తేలాలంటే మీటరు నీళ్ళు కావాలి. ఇందాక రేవు ముందు కొలిచాను. యాభై ఎనిమిది ఉంది. ఓడ ఇక్కడిదాకా రాలేదు.”

“రెండేళ్ళ కిందట?” అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

“మీటరూ పది ఉండేది పెద్దనాన్నా. కరాషెన్ పని అయ్యాక ఓడ మీ ఊరి ముందు నుంచే వెనక్కి వెళ్ళింది. మీ కొలతలు సరిగ్గా ఉండి ఉంటే ఇక్కడ ఆగేది.”

ఆ ఓడ నాకు గుర్తుంది. ఒడ్డున నిలబడి దాన్ని నేను నోరారా తిట్టాను. లంచగొండులని అరిచి, మట్టిగడ్డ తీసుకుని విసిరాను. ఇప్పుడు ఆ బురదలోనే కూర్చుండిపోయాను. ఎవరూ నన్ను లేపలేదు. ఉల్బోసిన్ దగ్గరకు రాబోయి ఆగిపోయింది.

జానియా తన పుస్తకం తెరిచి, “కారణం రాయాలి. మంచు వల్ల పాడయిందని రాస్తాను,” అంది. దయతోనే అంది.

“వద్దు. నా పేరు రాయి. ఉతెగెన్ అని రాయి. నాలుగు సార్లని కూడా రాయి,” అన్నాను. ఆమె రాసింది.

మర్నాడు పొద్దున బెకెట్ ట్రక్కు తీసుకొచ్చి పడవ పక్కన ఆపాడు. నేను వద్దనలేదు. ఏ నోరు పెట్టుకుని వద్దంటాను? వాడు ఇంజను బోల్టులన్నీ విప్పాడు. ఒక్కడే ఎత్తబోతే జారింది. అప్పుడు నా వైపు తిరిగాడు. వాడి కళ్ళలో కోపం ఉంటే బాగుండేది.

“ఆ చివర పట్టుకో బాబాయ్,” అన్నాడు. “జరిపి పెట్టడం నీకు అలవాటే కదా.”

పట్టుకున్నాను. ఇద్దరం కలిసి ఇంజనును ట్రక్కులోకి ఎక్కించాం.