గుమ్మడికాయ కొట్టని సినిమా

పొద్దున ఏడింటికల్లా క్రిస్టీనా షూటింగు మొదలయ్యేది. షూటింగంటే ఏదో ఊహించుకునేరు. అద్దెకు తెచ్చిన కెమెరా ఒకటి, మొహం మీదికి వెలుతురు తిప్పడానికి థర్మాకోల్ షీట్లు రెండు, శామీర్‌పేట నుంచి ఫ్లాస్కులో తెచ్చిన చాయ్, వాళ్లమ్మ మరియమ్మ కట్టిచ్చిన పులిహోర. అంతే. ఇరవై నిమిషాల సినిమాకు కెమెరా పట్టేది స్నేహితుడు శాంసన్. మిగతా పనులన్నీ క్రిస్టీనావే.

కథ ఆమె నాయిన యోబుది. మేడ్చల్ పోయే తోవలో ఆయనకు రెండెకరాలుండేవి. పాస్‌బుక్కులో పేరు తప్పు పడిందని, సరిచేయిస్తానని మధుసూదన్ పటేలు ఆయనతో కాగితాల మీద వేలిముద్రలు వేయించుకున్నాడు. సరిచేయించాడు కూడా, తన కొడుకు ప్రణయ్ పేరు మీదికి! అప్పట్నుంచి యోబు రోజూ పొద్దున్నే పటేలు గేటు ముందు నిలబడేవాడు. "రేపు రా" అనేవాడు పటేలు. మర్నాడు మళ్లీ వెళ్లేవాడు ఆ పిచ్చి మారాజు. అలా తిరిగి తిరిగే పోయాడు. ఇప్పుడు ఆ భూమిలో ప్లాట్ల రాళ్లు పాతారు. వాటిని చూసినప్పుడల్లా క్రిస్టీనాకు కడుపు మండిపోతుంది.

మరి ఆ సినిమాను సరిగ్గా ఆ గేటు ముందే ఎందుకు తీస్తున్నదంటే, అడగ్గానే పటేలు ఊరికే ఇచ్చాడు. ఒక్క షరతు పెట్టాడు.

"హీరో నేనే బిడ్డా. గా భూమి పోయిన ముసలోని వేషం నాకియ్యి. ఎలక్షన్లొస్తున్నయి. చినిగిన అంగీల నన్ను జూస్తే జనం మస్తు ఏడుస్తరు."

అది ఎవరి కథో ఆయనకు గుర్తే లేదు. ముంచినవాళ్లు ఒకరా ఇద్దరా, గుర్తుండటానికి!

"మీరే జెయ్యాలె పటేలా," అని క్రిస్టీనా నవ్వింది. "మీకంటె బాగ ఎవ్వలు జేస్తరు?"

ఆ వైపు షూటింగుల్లో గుమ్మడికాయ కొట్టేదాకా వేషం మనిషిని వదలదు. సినిమా పూర్తయిన రోజు కెమెరాకు దిష్టి తీసి గుమ్మడికాయ పగలగొడతారు చూడండి, అప్పుడే దిగుతుంది. కిందటేడు కండక్టరు వేషం కట్టిన నిఖిల్, గుమ్మడికాయ ఆలస్యమై నాలుగు రోజులపాటు వాళ్లమ్మకే టికెట్టు కొట్టాడు. ఆమె పరేషాన్ కాలేదు. చిల్లర ఇచ్చి, వంటింట్లోకి పోయి పని చూసుకుంది.

పటేలుకూ ఈ సంగతి తెలుసు. తెలిసే, మంచి గుమ్మడికాయ తనే కొనిపెట్టాడు. క్రిస్టీనా కొట్టదేమోనన్న అనుమానమే రాలేదు. చెప్పిన పని జనం చెయ్యకపోవడం ఆయన పుట్టి బుద్ధెరిగి చూళ్లేదు.

మొదటి షాటుకే ఆయన మెడ వంగింది. రెండో రోజుకు, ఎవరూ చెప్పకుండానే చెప్పులు దూరంగా విడిచి నిలబడ్డాడు. భార్య అన్నం పంపిస్తే పళ్లేనికి దండం పెట్టి, మెట్ల కింద కూర్చుని తిన్నాడు. నాలుగో రోజు షాట్లన్నీ అయిపోయాయి. శాంసన్ గుమ్మడికాయ తెచ్చి చేతికిచ్చాడు. క్రిస్టీనా దాన్ని స్కూటీ ముందు పెట్టుకుని ఇంటికి పోయింది.

మర్నాడు పొద్దున ఆమె గుమ్మడికాయతో మళ్లీ వచ్చేసరికి, పటేలు తన ఇంటి గేటు ముందే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. లోపల ప్రణయ్ చాయ్ తాగుతున్నాడు. క్రిస్టీనా అతన్ని గేటు దగ్గరికి పిలిచి విషయం చెప్పింది.

"మా నాయిన భూమి మా పేరు మీదికి తిరగరాయి ప్రణయన్నా. గిప్పుడే, గీడనే గుమ్మడికాయ పలగ్గొడుత. మీ నాయిన మీకొస్తడు."

ప్రణయ్ తండ్రి వైపు చూశాడు. ఈ నాలుగు రోజులూ ఆఫీసులో తండ్రి కుర్చీలో తనే కూర్చున్నాడు. కుర్చీ బాగుంది. ఎలక్షన్లో నువ్వే నిలబడు అని నలుగురూ అంటున్నారు కూడా.

"రేపు రా అక్కా," అన్నాడు.

"మరి మీ నాయిన?"

"ఆయనను గూడ రేపు రమ్మను."

గేటు పడింది.

"సరే పటేలా, రేపొస్త," అని ముసలాయన మూసిన గేటుకు దండం పెట్టాడు.

క్రిస్టీనాకు భూమి రాలేదన్న బాధ కలగాలి. కలగలేదు. సంతోషం పట్టలేకపోయింది. పటేలుకు ఇంత శిక్ష తాను అడగను కూడా లేదు. కొడుకే వేశాడు.

ముసలాయన ఆమె మొహంలోకి జాలిగా చూశాడు.

"నీది గూడ గుంజుకున్నరా బిడ్డా?"

"మా నాయినది."

"గీ పిల్లగాడేనా?"

"కాదు. వీళ్ల నాయిన. మధుసూదన్."

ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పక్కకు తిరిగి, కాండ్రించి ఉమ్మేశాడు.

"అసొంటోన్ని ఇడువకు బిడ్డా. ఎవ్వలు బతిలాడినా ఇడువకు."

"ఇడువ తాతా," అంది క్రిస్టీనా.