ఎలిశిబా కుట్టిన బొంత

వానలు వెనకబట్టగానే పాత చీరలు ఉతికి ఆరేసి, చలికాలానికి బొంత కుట్టడం ఎలిశిబాకు ఏటేటా అలవాటు. పక్కింటి ఖాతూన్ బీ రెండో అంచున కూర్చుని కుట్టేది. ఆ ఏడు నిజాం లొంగిపోయి, యూనియన్ సైన్యం మెదక్‌లోకి వచ్చి వారమైంది. రజాకార్ల మీది కసితో ముస్లింల ఇళ్ల మీద దాడులు జరుగుతుండటంతో ఖాతూన్ బీ ఇంటి తలుపులు తెరుచుకోవడం లేదు. ఎలిశిబాకు కుట్టు సాగలేదు. నాలుగు కుట్లు వేసేది, లేచి వాకిట్లోకి పోయి చూసేది.

ఒక మధ్యాహ్నం ఖాతూన్ బీ కూతురిని వెంటబెట్టుకుని పెరటి దోవన వచ్చింది.

"అక్కా, మమ్ముల జర దాసిపెట్టు."

"గీ అంచు పట్టుకొని కూసోండ్రి," అని ఎలిశిబా ఇద్దరికీ సూదులిచ్చింది.

కాసేపటికి కర్రలు పట్టుకున్న మనుషులు వాకిట్లోకి వచ్చారు. "లోపల ఎవరున్నరమ్మా?"

"నాతోని బొంత కుట్టెటోళ్లు. పనిల ఉన్నం, పోండ్రి," అంది ఎలిశిబా, గడపకు అడ్డంగా నిలబడి. ఆమె భుజం మీదుగా, బొంత మీద వంగి కుడుతున్న ఇద్దరినీ చూసి, వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని వెళ్లిపోయారు.

తొమ్మిది రోజులకు ఖాతూన్ బీ అన్న హైదరాబాదు నుంచి వచ్చి వాళ్లను తీసుకుపోయాడు. ఆలోగా కుట్టడం పూర్తయిన బొంతను పిల్ల భుజాన కప్పి పంపింది ఎలిశిబా. వాళ్లు క్షేమంగా చేరినట్టు ఉత్తరం అందేదాకా ఆమెకు ముద్ద దిగలేదు.