అత్తగారి పళ్ళెం

తినకూడని మనిషికే తినాలన్న యావ దేవుడు ఎందుకు పెడతాడో వంటావిడకు ఏళ్ళ తరబడి తేలని సందేహం. రోజూ ఆయనకు దండం పెట్టుకున్నాకే పొయ్యి వెలిగిస్తుంది గానీ, ఈ ఒక్క సంగతి నిలదీసి అడగాలని ఉంటుంది. ఆ ఉదయం రాత్రంతా నానిన బంగాళదుంప ముక్కల నీళ్ళు పారబోస్తూ కూడా అదే గొణుక్కుంది. ఆ ముక్కల్ని మళ్ళీ కొత్త నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళూ పారబోయాలి. లేకపోతే వాటిలోని లవణాలు డయాలసిస్ వాళ్ళ గుండెకు చేటు. చివరికి మిగిలేది పిప్పి. దానికి ఉప్పు కూడా వెయ్యకూడదు.

తిట్లు మాత్రం వంటావిడకు. ఆమె వేళ్ళ చివర్లు నీళ్ళలో నాని ముడతలు పడ్డాయి, మోచేతుల దాకా పాత నూనె చుక్కల మచ్చలు. ఇంట్లో అత్తగారు పోయాక వంకలు పెట్టేవాళ్ళు లేరని ఊపిరి పీల్చుకునేలోపే, ఈ వృద్ధుల వసతి గృహంలో ఇంకో అత్తగారు దొరికింది. ప్రతిదానికీ వంక పెడుతుందని అందరూ ఆ పెద్దావిడకు పెట్టిన పేరది. ఆవిడకు షుగరూ ఉంది, కిడ్నీలూ పోయాయి.

నర్సు వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"అక్కా, అత్తగారు ముట్టనంటోంది. ఇన్సులిన్ ఇచ్చేశాను. ఇప్పుడు తినకపోతే షుగర్ దిగిపోయి ప్రాణం మీదికొస్తుంది. డయాలసిస్‌కి వ్యాన్ కూడా వచ్చేసింది. నువ్వోసారి రా."

"నేనొచ్చి ఏం మంత్రం వెయ్యాలి?" అంటూనే వంటావిడ పాలు దించి, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ కదిలింది.

భోజనాల గదిలో అత్తగారు పళ్ళెం దూరంగా నెట్టేసి కూర్చుంది. రొట్టె, గుడ్డు తెల్లసొన, దుంప ముక్కలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"తినండి అత్తగారూ. ఈ వయసులో చంటిపిల్ల వేషాలేమిటి?"

"నువ్వు తిన్నావా ఎప్పుడైనా?"

"రోజూ రుచి చూసే పంపిస్తాను."

"చెంచా కొసతో నాకడం కాదే. కూర్చుని తినడం. ఎన్నాళ్ళ నుంచి అడుగుతున్నా? రేపు రేపంటావు. నువ్వు ఇంటి నుంచి తెచ్చుకునే డబ్బా మూత తీస్తే పచ్చడి వాసన నా గది దాకా వస్తుంది."

వంటావిడకు ఒళ్ళు మండింది. లోపల మిగతావాళ్ళ పళ్ళేలు ఎదురుచూస్తున్నాయి. అయినా వెళ్ళి ఇంకో పళ్ళెంలో అవే పెట్టుకొచ్చి, బల్ల అదిరేలా పెట్టి ఎదురుగా కూర్చుంది. దుంప ముక్క నోట్లో వేసుకుంటే తడిసిన అట్టముక్క నమిలినట్టుంది.

"ఎలా ఉంది?"

"బాగానే ఉంది."

"నా మొహం చూసి చెప్పు."

"దరిద్రంగా ఉంది. చాలా?"

అత్తగారి బోసినోరు విచ్చుకుంది.

"హమ్మయ్య. అందరూ బావుంది బావుంది అంటుంటే, నా నాలికే చచ్చిపోయిందేమో అనుకున్నా."

పళ్ళెం దగ్గరికి లాక్కుని తినడం మొదలుపెట్టింది. వంటావిడ తనూ తింది. అత్తగారు పళ్ళెం ఖాళీ చేశాకే డ్రైవర్ చక్రాల కుర్చీ తీసుకొచ్చాడు. గుమ్మం దగ్గర ఆవిడ వెనక్కి తిరిగింది.

"నీ పళ్ళెంలో రెండు ముక్కలు మిగిల్చావు. నే చూశాను."

"మీరు బయల్దేరండి మహాతల్లీ. వచ్చేలోపు తినేస్తాను." వంటావిడ పళ్ళెం మీద మూత బోర్లించి, బల్ల మీదే వదిలేసి వంటింట్లోకి పరుగెత్తింది.

మధ్యాహ్నం వడ్డనలు అయ్యాక డ్రైవర్ ఒక్కడే వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"మెషీన్ మీద ఉండగానే పోయిందక్కా. నిద్రపోతోంది కాబోలు అనుకున్నారట."

వంటావిడ చేతిలోని గరిటె గిన్నె మీద పెట్టింది.

"రాత్రికని దుంపలు కోసి నానబెట్టాను కదయ్యా," అంది విసుగ్గా, ఆ విసుగు ఎవరి మీదో తనకే తెలియకుండా.

కాసేపటికి భోజనాల గదిలోకి వెళ్ళి, పొద్దున కూర్చున్న చోటే కూర్చుని మూత తీసింది. చల్లారి బిగుసుకుపోయిన రెండు ముక్కలు. ఒకటి తింది. రెండోదీ తినేసింది.

మెషీన్ దగ్గర చలేస్తుందని అత్తగారు ఎప్పుడూ వెంట తీసుకెళ్ళే శాలువా, ఆ హడావుడిలో మరిచిపోయినది, ఎదుటి కుర్చీ వీపు మీద మడత విప్పకుండా వేలాడుతోంది.