సిద్ధాంతిగారి లాప్‌టాప్‌కి ముహూర్తం

నేను ఒక పెన్‌డ్రైవ్‌ని. బొటనవేలంత ఒళ్లు, మూతి దగ్గర ఇనుప తొడుగు, తోకకి ఎర్ర తాడు. చూడటానికి ఇంతే. కానీ నన్ను గుచ్చిన చోట ఒక లోకం తుడిచిపెట్టుకుపోయి, ఇంకో లోకం లేస్తుంది. ఒకే ఒక్కసారి మాత్రం ఆ పని సగంలో ఆగింది. ఆ కథ చెబుతాను.

ఎక్కడో సముద్రాల అవతల, మనుషులు మూతులకి గుడ్డలు కట్టుకుని తిరిగే తెల్లటి హాల్లో పుట్టాను. పుట్టినప్పుడు నా కడుపులో ఏమీ లేదు. ఖాళీ కనిపిస్తే మనుషులు ఎంత ఆశపడతారో ఆ తర్వాత తెలిసింది. నన్ను మొదట కొన్నది చీరాల కుర్రాడు, ఇంజనీరింగ్ చదువు. నాలో ‘పాఠాలు’ అని ఫోల్డరు తెరిచి, దాన్నిండా సినిమాలు దాచుకున్నాడు. పరీక్షల ముందు రోజుల్లోనే ఆ పాఠాలు ఎక్కువగా చదివేవాడు. అతని దగ్గర్నుంచి పెళ్లిళ్ల ఫోటోగ్రాఫరు చేతికొచ్చాను. ఎన్ని జంటల తలంబ్రాలు మోశానో లెక్కలేదు. ఆయన ఓ రోజు లాప్‌టాప్ బాగుచేయించుకుని వెళ్తూ నన్ను కౌంటరు మీద వదిలేశాడు. ఫోను చేస్తే, “ఉంచేసుకోండి మేడం, నేను పెద్దది కొనుక్కున్నా” అన్నాడు. మనుషుల ప్రేమ సైజును బట్టి ఉంటుంది.

ఆ కౌంటరు ఫర్జానాది. రేపల్లె స్టేషన్ రోడ్డులో మందుల షాపు పైన ఒక గది, రెండు బల్లలు, ఓ ఫ్యాను. ఆవిడ నన్ను పూర్తిగా చెరిపి, నాలో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ నింపింది. ఆ రోజు నుంచి నేను ఆవిడ కుడిచేయి.

లాప్‌టాప్‌లు తుడిచి కొత్త సిస్టమ్ వేసే పనిని ఊళ్లో అందరూ ‘ఫార్మాట్ కొట్టడం’ అంటారు. పాత ఇంటికి సున్నం వెయ్యడం లాంటిది కాదు. పునాదితో సహా పీకేసి కొత్త ఇల్లు లేపడం. లోపల ఏముందో చూసుకోకుండా పీకితే అంతే సంగతులు. అందుకే ఫర్జానా ఓ పద్ధతి పెట్టుకుంది. ముందు ఫైళ్లన్నీ షాపు కంప్యూటర్లోకి ఎక్కిస్తుంది. తర్వాత ఆ లాప్‌టాప్ మనిషిని కూర్చోబెట్టి, “మీకు ప్రాణంగా ఉన్నది ఒకటి తెరవండి. పైకి చదివి వినిపించండి” అంటుంది. ఫైలు వచ్చిందని మాటతో చెబితే ఒప్పుకోదు. చెవులతో వినాలి. ఆ కుర్చీలో కూర్చుని ప్లీడర్లు దావాలు చదివారు. ఒకమ్మాయి తనకి వచ్చిన ప్రేమలేఖ చదవలేక, “అక్కా, మనసులో చదువుకుంటానే” అని బతిమాలింది. “పెదాలైనా కదుపు” అంది ఫర్జానా. అంత గట్టి మనిషి. అప్పుడుగానీ నా ఎర్ర తాడు పట్టుకునేది కాదు.

ఉగాది ఇంకా కొంచెం దూరంలో ఉందనగా, ఓ ఉదయం సోమయాజి సిద్ధాంతిగారూ, ఆయన భార్య శేషమాంబగారూ మెట్లెక్కి వచ్చారు. లాప్‌టాప్‌ని ఆయన పసిపిల్లలా రెండు చేతులతో పట్టుకున్నారు. వాళ్లది పంచాంగం రాసే ఇల్లు. ఆయన కాగితం మీద గుణించి ఇస్తారు, ఆవిడ టైపు చేస్తుంది. తాతల నాటినుంచీ ఒక్క ఏడాదైనా ఆగని పంచాంగం అది. ఆ సాయంత్రానికల్లా పేజీలన్నీ ప్రెస్సుకి వెళ్లాలి.

“ఎలా వెళ్తాయమ్మా పేజీలు!” అంది శేషమాంబగారు. “తెరిస్తే లాటరీ తగిలిందంటాడు, పెళ్లి సంబంధాలంటాడు. ఒక పేజీ తిప్పి వంటింట్లోకెళ్లి పోపు పెట్టుకుని రావచ్చు. రాశిఫలాలు ఇంకా సగం మిగిలాయి. దీంతో నావల్ల కాదు.”

“వైరసు పిన్నిగారూ. తుడిచి, కొత్త ఇల్లు కట్టినట్టు కొత్తది వేసేస్తే హాయిగా ఉంటుంది” అంది ఫర్జానా.

“వేద్దాం. కానీ ముహూర్తానికే వెయ్యాలి” అన్నారు సిద్ధాంతిగారు, ఉత్తరీయం సర్దుకుంటూ. “ఇంకాసేపట్లో వర్జ్యం వస్తుంది. అది రాకముందే పని మొదలైపోవాలి.”

“ఊరందరికీ పెట్టినట్టు లాప్‌టాప్‌కి కూడానా?”

“కొత్త ఇల్లంటున్నావు కదమ్మా. శంకుస్థాపనకి ముహూర్తం అక్కర్లేదూ?”

ఫర్జానా నవ్వింది. పెద్దాయన మాట కాదనలేకపోయింది. పెట్టుకున్న పద్ధతిని అప్పుడు కొంచెం వంచింది. ఫైళ్లు షాపు కంప్యూటర్లోకి ఎక్కించి, శేషమాంబగారిని దాని ముందు కూర్చోబెట్టి, “మీరు ఫైలు తెరిచి చదువుతూ ఉండండి, ఈలోపు నేను ఇటు సిద్ధం చేస్తా” అని నన్ను లాప్‌టాప్‌కి గుచ్చింది. చదవడం, తుడవడం ఎప్పుడూ ఒకేసారి జరగలేదు. ఆ రోజు జరిగాయి.

లాప్‌టాప్ లేచింది. దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, గోడ నుంచి వచ్చే వైరు మీదే బతుకుతోంది. నాలోని తెర నీలంగా పరుచుకుంది. భాష అడిగాను, ఫర్జానా చెప్పింది. ఎక్కడ వెయ్యమంటావని అడిగాను, డిస్కు చూపించింది. చెరిపెయ్యమన్న చోట బాణం ఆగింది.

“ఇక ఒక్క నొక్కుడే” అంది ఫర్జానా.

“జరుగమ్మా. నా చేత్తో నొక్కుతాను.” సిద్ధాంతిగారు ముందుకొచ్చి, గడియారం చూసుకుని, కళ్లు మూసుకుని ఏదో శ్లోకం మొదలెట్టారు. ఒకసారి నొక్కారు. నేను నా పద్ధతి ప్రకారం ఆఖరి ప్రశ్న వేశాను. ఇందులో ఉన్నవన్నీ పోతాయి, సరేనా?

ఆయన చూపుడువేలు ఎంటర్ మీద ఆగింది. శ్లోకంలో ఆఖరి పాదం మిగిలి ఉంది.

సరిగ్గా అప్పుడు వెనక బల్ల దగ్గర శేషమాంబగారి గొంతు వినిపించింది. “ఇదేంటే ఫర్జానా? ఇది నేను టైపు చేసిందేనా?”

తెర మీద తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలకి కొమ్ములు మొలిచాయి, తోకలు వేలాడాయి. మధ్యలో డాలర్లు, చుక్కలు, విరిగిన బ్రాకెట్లు. చైత్రం నుంచి ఫాల్గుణం దాకా అంతా అదే గోల.

ఫర్జానా తిరిగి చూసింది. ఆవిడకి ఒక్క క్షణంలో అర్థమైంది. ఫైల్లో ఉండేది గుర్తుల వరస మాత్రమే. వాటికి తెలుగు రూపం ఇచ్చేది ఫాంటు. ఆ ఫాంటు ఫైలుతో పాటు రాదు. అది సిస్టమ్ కడుపులో, ఎవరూ తొంగిచూడని గదిలో ఉంటుంది. ఎవరైనా తమ కంటికి కనిపించేవే దాచుకుంటారు. ఆ గదిని ఎవరూ కాపీ చెయ్యలేదు. ఇప్పుడు దాన్ని తుడవడానికి సిద్ధాంతిగారి వేలు సిద్ధంగా ఉంది.

“ఆగండి!” అని అరిచింది.

సిద్ధాంతిగారికి శ్లోకం మధ్యలో ఎవరి మాటా చెవికెక్కదు. అది ఆయన భార్యకి బాగా తెలుసు. అందుకే ఆవిడ అరవలేదు. కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచి, గోడ మీద స్విచ్చుల బోర్డుని అరచేత్తో చరిచింది.

ఫ్యాను ఆగింది. లాప్‌టాప్ చచ్చింది. నా ఒంట్లో ప్రాణం పోయింది.

ఫర్జానా మళ్లీ స్విచ్చులు వేసేసరికి ముగ్గురూ నిలబడే ఉన్నారు.

“నొక్కారా?” అడిగింది ఫర్జానా.

“నొక్కాననే అనుకుంటున్నా” అన్నారాయన. తర్వాత తన వేలి వంక చూసుకుని, “లేదేమో. తెలియదమ్మా.”

“జాతకాలన్నీ తెలుస్తాయి, సొంత వేలి సంగతి తెలియదు!” అంది శేషమాంబగారు. ఫర్జానా వైపు తిరిగి చెప్పింది. “ఆ అక్షరాలు చేసిన బాలకోటయ్య పోయాడమ్మా. ఇంకెక్కడా దొరకవు. అందులో పోటుకో అల, ఆటుకో అల గుర్తు చేయించాం. నిజాంపట్నం జాలర్లలో చాలామందికి చదువు రాదు. ఆ అలలు చూసే పడవలు దించుతారు. ఈ ఏడు మన పుస్తకం రాకపోతే వాళ్లు ఏం చూసుకుని వెళ్తారు?”

చెరపడానికి పుట్టినవాణ్ని నేను. ఎన్నో డిస్కులు తుడిచాను, ఎన్నడూ తిరిగి చూసుకోలేదు. ఆ రోజు మాత్రం ఫర్జానా నన్ను మళ్లీ లేపుతుంటే భయమేసింది. నీలం తెర వచ్చింది. డిస్కు చూపించే చోటికి వచ్చాం. నొక్కి ఉంటే అక్కడ ఖాళీ అని ఉంటుంది.

ఖాళీ లేదు. పాత భాగం, పాత పేరుతో, చెక్కుచెదరకుండా ఉంది.

సిద్ధాంతిగారు గట్టిగా ఊపిరి వదిలారు. ఫర్జానా వదల్లేదు. చేతులు తడిగా ఉంటే చున్నీకి తుడుచుకుని, రెండు మీటలు కలిపి నొక్కింది. నీలం తెర మీద నల్లటి చిన్న కిటికీ తెరుచుకుంది. నాలో అలాంటి దొడ్డిదారి ఉందని చాలామందికి తెలియదు. ఆ కిటికీలో బొమ్మలుండవు, బాణముండదు. మాటకి మాటే ఆజ్ఞ. ఆవిడ అక్షరం అక్షరం కొట్టుకుంటూ పాత సిస్టమ్ లోపలికి దిగింది. ఫాంట్ల గది తలుపు తెరిచింది. లోపల వందల పేర్లు, ఒక్కటీ అర్థమయ్యేది కాదు.

“వీటిలో బాలకోటయ్యగారిది ఏది పిన్నిగారూ?”

“వాడేం పేరు పెట్టాడో ఎవరికి తెలుసు? మనవరాలి పేరేమో.”

“మనవరాలి పేరేంటి?”

“అదే గుర్తు లేదు.”

“అయితే అందర్నీ తీసుకెళ్దాం” అని గది మొత్తాన్నీ కాపీ చెయ్యమంది. ఎక్కడికి? లాప్‌టాప్‌కి గుచ్చి ఉన్నది నేనొక్కణ్నే. నా మూలన కాస్త ఖాళీ ఉంది. అక్షరాలు ఒక్కో కుటుంబంగా నాలోకి దిగసాగాయి. పేర్లు వరసగా పైకి జరుగుతుంటే ముగ్గురూ తెర మీదికి వంగారు. సగంలో వరస ఆగిపోయింది. ఫర్జానా ఏ మీటనీ ముట్టుకోలేదు. తొందరపడి మళ్లీ మొదలెట్టే చెయ్యి కాదది. అదే ఆవిడలో నాకు నచ్చే గుణం. కాసేపటికి వరస దానంతటదే కదిలింది, చివరిదాకా వెళ్లింది.

నన్ను పీకి షాపు కంప్యూటరుకి గుచ్చింది. ఫాంట్లన్నీ ఎక్కించింది. “ఇప్పుడు తెరవండి. పైకి చదవండి.”

శేషమాంబగారు తెరిచింది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. “చైత్ర శుద్ధ పాడ్యమి,” అని మొదలెట్టింది. “రేవతి నక్షత్రం...” కొంచెం ఆగి, తెర మీద వేలు పెట్టి, “పోటు. అల పైకి లేచింది చూడండి. ఇదిగో ఆటు, అల కిందికి దిగింది” అంది. పేజీ అంతా చదివింది. ఎవరూ ఆపమనలేదు. పాత ఫైళ్లు ఇంకా కొన్ని తెరిపించి, ఒక్కోదాన్నీ చదివించింది ఫర్జానా. ఈసారి పద్ధతి వంచలేదు. అంతా అయ్యాక తనూ ఓ కాపీ వేరే డిస్కులో దాచింది.

అప్పుడు గోడ గడియారం వైపు చూసి నాలుక కరుచుకుంది. “సిద్ధాంతిగారూ, వర్జ్యం వచ్చేసింది.”

ఆయన బల్ల మీది లాప్‌టాప్‌ని చూశారు. రాశిఫలాలు సగం మిగిలాయి. సాయంత్రం ప్రెస్సువాడు ఎదురుచూస్తుంటాడు. మళ్లీ మంచి ఘడియ రేపుగానీ లేదు. ఆ లెక్క ఆయనకంటే తెలిసినవాళ్లు రేపల్లెలో లేరు.

“శుభముహూర్తంలో నేను చేసిన నిర్వాకం చూశాంగా” అన్నారు మెల్లగా. “నువ్వు కానియ్యి తల్లీ. అంతా చూసుకున్న తర్వాత మొదలెట్టే పనికి వర్జ్యం ఏం చేస్తుంది?”

“ఈ మాట పంచాంగంలో వేయించమంటారా?” అంది శేషమాంబగారు.

“నోరు ముయ్యవే” అన్నారాయన, నవ్వాపుకుంటూ.

నన్ను మళ్లీ గుచ్చారు. నా ఆఖరి ప్రశ్నకి ఈసారి ఫర్జానా జవాబిచ్చింది. డిస్కు ఖాళీ అయింది. లాటరీలూ, పెళ్లి సంబంధాలూ, వైరసులూ ఒక్క ఊపులో పోయాయి. మిగిలిన ఆ నిశ్శబ్దం ఎంత శుభ్రంగా ఉంటుందో చెప్పలేను, అప్పుడే కడిగి ముగ్గేసిన వాకిలిలా. అందులోకి నేను కొత్త సిస్టమ్‌ని ఇటుక మీద ఇటుకగా పేర్చాను. లాప్‌టాప్ ఆరిపోయి మళ్లీ వెలిగింది, మళ్లీ ఆరి వెలిగింది. చివరికి తెల్లటి తెర మీద, మీ పేరేమిటని అడిగింది. శేషమాంబగారు తన పేరు కొట్టింది. ఇన్నాళ్లూ అక్కడ ఆయన పేరుండేది. సిద్ధాంతిగారు చూసి తలూపారు.

ఫర్జానా పాత ఫైళ్లూ, నాలోని అక్షరాలూ తిరిగి ఎక్కించాక, శేషమాంబగారు ఆ బల్ల దగ్గరే కూర్చుని మీనరాశి దాకా కొట్టేసింది. పేజీలు పొద్దుగుంకేలోపు ప్రెస్సుకి చేరాయి.

పుస్తకం అచ్చయ్యాక సిద్ధాంతిగారు ఫర్జానాకి ఓ ప్రతి ఇవ్వడానికి వచ్చారు. నిజాంపట్నం వాళ్లు కట్టలు కట్టలుగా పట్టుకెళ్లారని చెప్పారు. వెళ్లబోతూ మెట్ల దగ్గర ఆగి, “అమ్మా, ఆ ఎర్రతాడు పుల్ల ఇస్తావా?” అన్నారు. ఫర్జానా కొత్త పెన్‌డ్రైవ్ కొనుక్కుని, నన్ను ఆయన చేతిలో పెట్టింది. నాలోని అక్షరాలు మాత్రం చెరపలేదు.

ఉగాది నాడు శేషమాంబగారు నాకు పసుపు రాసి బొట్టు పెట్టింది. ఆ పసుపు నా మూతి లోపలిదాకా వెళ్లి గట్టిపడింది. ఇక ఏ కంప్యూటరూ నన్ను గుర్తుపట్టదు. ఫర్జానా చూస్తే తిడుతుంది. నాకు మాత్రం బాధగా లేదు. వాళ్ల దేవుడి గూట్లో, కొత్త పంచాంగం మీద పడుకుని ఉన్నాను. పక్కనే చిన్న ఇత్తడి విఘ్నేశ్వరుడు. ఇద్దరిదీ ఒకటే ఉద్యోగం, మనుషుల చేత పని కొత్తగా మొదలెట్టించడం.