అప్పగించిన వీరుడు

కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసే అతనికి మాట్లాడే మనుషులంటూ ఉంటే, వాళ్లు ఆన్‌లైన్ ఆటలో కలిసే ముగ్గురు చిన్ననాటి స్నేహితులే. పగలంతా పనితోనే సరిపోయి, ఆటలో అతని వీరుడు పదో లెవెల్లోనే చతికిలబడ్డాడు. వాళ్లేమో అరవై దాటి, ఆ లెవెల్ వాళ్లకే తెరుచుకునే అగ్నికోటలోకి వెళ్లిపోయారు. ఎన్నాళ్లని గుమ్మం బయట పడిగాపులు పడతాడు? చివరికి పాస్‌వర్డ్ ఇచ్చి, డబ్బు తీసుకుని మన బదులు ఆడి లెవెల్ పెంచే, అదే పవర్ లెవెలింగ్ చేసిపెట్టే ఒకాయనకి తన వీరుణ్ణి అప్పగించాడు.

ఆయన మాట తప్పలేదు. ఆదివారం మధ్యాహ్నం అద్దెగదిలో కూర్చుని ఆట తెరిచేసరికి, వీరుడు వెండి కవచంతో అగ్నికోటలో, స్నేహితుల మధ్యే నిలబడి ఉన్నాడు.

"వచ్చావా గురూ! నిన్న నీ జోకులకి పొట్ట చెక్కలైందిరా," అని చాట్‌లో ఒకడు రాశాడు.

"ఇన్నాళ్లూ ఈ సరదా అంతా ఎక్కడ దాచావురా?" అన్నాడు ఇంకొకడు.

నిన్న వాళ్లతో కబుర్లాడింది తను కాదు, ఆ లెవెలింగ్ ఆయన. తానూ ఏదో జోకు రాశాడు. ఎవరూ నవ్వలేదు. ఏ మీట నొక్కితే ఏ కత్తి లేస్తుందో తెలియక తడబడి, కోటలో అందరి ప్రాణాలూ తీయించాడు.

"ఒంట్లో బాలేదా ఏంట్రా? నువ్వు నువ్వులా లేవు."

తిట్టినా బాగుండేది. బెంగగా అడిగారు.

"తలనొప్పిరా," అని రాసి బయటికొచ్చేశాడు. లెవెలింగ్ ఆయనకి మెసేజ్ పెట్టాడు.

"వచ్చే ఆదివారం కూడా మీరే వెళ్లండి. వాళ్లేం మాట్లాడారో నాకు కాస్త చెప్పండి, చాలు."