ఆదివారపు నూనె

ఇంత చిన్న గుడ్డతో ఒళ్ళేం తుడుచుకుంటారో, చేతిరుమాలు కంటే కాస్త పెద్దది, షామీ అంటారు వాళ్ళు దాన్ని, డైవింగ్ చేసే పిల్లలందరి చేతుల్లోనూ అదే, భవిత దానితో మోకాళ్ళ కింద రుద్దుకుంటూనే ఉంది, పైనుంచి కిందికి, మళ్ళీ పైనుంచి కిందికి, అంత రుద్దితే చర్మం కందిపోదూ అనుకుంది వాసవి గ్యాలరీలో కుర్చీ అంచున కూర్చుని, బయట కారు అద్దాల మీద మంచు గీకి వచ్చారు, ఇక్కడ లోపల ఉక్క, క్లోరిన్ వాసన, కోటు విప్పి ఒళ్ళో పెట్టుకున్నా మెడ వెనక చెమట, ఏంటి టీచరమ్మా, దూకేది అదైతే ఊపిరి బిగబట్టేది నువ్వా, నిన్ను మోసుకెళ్ళే ఓపిక నాకు లేదు సుమా అన్నాడు పక్కనుంచి భర్త వంశీధర్, ఆమె నవ్వలేదు, తన మాటకి తనే కొంచెం నవ్వుకుని కాఫీ కప్పు మూత సరిచేసుకున్నాడు, ఏడాదిగా ఇంట్లో జోకులన్నీ అతనే వేస్తున్నాడు, అతనే నవ్వుతున్నాడు, కింద బల్ల దగ్గర యూనివర్సిటీ కోచ్ ఒళ్ళో ఐప్యాడ్ పెట్టుకుని తలెత్తకుండా ఏదో రాసుకుంటోంది, అమ్మాయిల టీములో ఒక్క చోటే ఖాళీ, దానికోసం ఈ ఉదయం ఎవరెవరో పిల్లలు ఏ ఊళ్ళ నుంచో వచ్చారు, కిచెనర్ నుంచి తమ భవిత, పన్నెండో తరగతి, పళ్ళూడే వయసు నుంచి స్ప్రింగ్‌బోర్డు తప్ప మరో ధ్యాస లేని పిల్ల, ఇవాళ కాకపోతే మరి ఉండదు, మిగతా యూనివర్సిటీలు ఇదివరకే టీములు తీసేసుకున్నాయి, అందుకే కాబోలు ఆ రుద్దుకోవడం, కంగారేమో, పరీక్షకి ముందు పిల్లలు పెన్సిలు చెక్కీ చెక్కీ సగం చేసినట్టు.

నిజానికి ఆ కాళ్ళని ఇవాళ పొద్దున్నే చూసింది తను, వంటింట్లో, నిక్కరు వేసుకుని నిలబడే సీరియల్ తింటోంది భవిత, మోకాళ్ళ కింద చర్మమంతా తెల్లగా పగిలి ఉంది, క్లోరిన్ నీళ్ళూ హీటర్ గాలీ కలిసి చేసిన పని, పెచ్చులూడిన గోడలా, ఎప్పటినుంచి ఇలా ఉందో, ఇంట్లోనే తిరిగే పిల్ల కాళ్ళు ఇలా అయ్యేదాకా తను ఎక్కడుంది, ఆదివారం సాయంత్రాలు హాల్లో పాత దుప్పటి పరిచేది తను, చలికి కొబ్బరినూనె సీసాలో సున్నపురాయిలా గడ్డ కట్టుకుపోయేది, వేడినీళ్ళ గిన్నెలో నిలబెడితే అంచుల నుంచి కరుగుతూ వచ్చేది, అమ్మా నూనె అని కేకపెట్టేది పెద్దది వర్షిణి, గుంటూరులో పుట్టి ఆరేళ్ళకి ఈ కెనడాకి వచ్చిన పిల్ల, తెలుగు పోలేదు దానికి, కబుర్లు పోలేదు, చెల్లికి ముందు రాయకమ్మా, దానివి మొసలి కాళ్ళు, సీసా మొత్తం తాగేస్తాయి అనేది, భవిత కాలితో తన్నేది, షటప్ వర్షీ అనేది, ఆదివారం మాత్రమే మామ్, వేరే రోజు వద్దు అని నియమం పెట్టింది కూడా ఆ ఇద్దరే, తను బడి పనితో అలిసిపోతుందని పెట్టారనుకుంది, పోయిన చలికాలం జ్వరమని పడుకున్న వర్షిణి వారం తిరక్కుండా లేకుండా పోయింది, మెదడువాపు అన్నారు, డాక్టరమ్మ చేతులు పట్టుకుని చెప్పింది, ఏం చెప్పిందో గుర్తులేదు, ఆ చేతులు చల్లగా ఉండటం గుర్తుంది.

ఆ తర్వాత సీసా తీయలేదు, తీయకూడదని అనుకున్నదీ లేదు, ఆదివారాలు వచ్చాయి పోయాయి, దుప్పటి అలమరలోనే ఉంది, ఒక తలకి రాస్తే రెండో తల లేదని చేతికి తెలిసిపోతుంది, అందుకని చేతులకి పని పెట్టుకుంది, ఐదో తరగతి పిల్లల నోటుపుస్తకాలు దిద్దింది, దిద్దినవి మళ్ళీ చూసింది, భవిత పొద్దున్నే లేచి తన లంచ్ డబ్బా తనే సర్దుకునేది, బస్సెక్కి ప్రాక్టీసుకి వెళ్ళేది, వచ్చి గది తలుపు వేసుకునేది, గట్టి పిల్ల అనేవాళ్ళు వచ్చిన వాళ్ళంతా, చిన్నదైనా ఎంత నిబ్బరమండీ మీ అమ్మాయికి అంది కింద ఫ్లాట్ శాంతమ్మగారు, అవునండీ అంది తను, పొద్దున ఆ పగుళ్ళు చూశాక మాత్రం ఏమైందో, చేతులే వెళ్ళి సీసా తీశాయి, వేడినీళ్ళ గిన్నెలో పెట్టాయి, రా కూర్చో అంది, భవిత చెంచా నోటి దగ్గరే ఆపి చూసింది, సీసాని చూసింది, గోడ గడియారం చూసింది, నౌ? అంది, రెండు నిమిషాలే, ఇంత మంచి రోజున మాడు మీద నూనె చుక్కయినా లేకుండా వెళ్తారా అంది తను, భవిత ఒక్క క్షణం ఏదో చెప్పబోయినట్టు నోరు తెరిచి మూసేసింది, గిన్నె సింకులో పెట్టి వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుంది, వాసవి మాడు మీద అద్దింది, భుజాలకి రాసింది, ఆ తర్వాత ముందుకి తిప్పి కాళ్ళకి, మోకాళ్ళ నుంచి మడమల దాకా, పగుళ్ళలోకి ఇంకేలా, పిల్ల కళ్ళు మూసుకుంది, కారు వేడి చేసి లేటవుతోందని పిలవడానికి గుమ్మంలోకి వచ్చిన వంశీధర్ వీళ్ళని చూసి వెనక్కి వెళ్ళిపోయాడు, చాలాసేపటి దాకా హారన్ కూడా కొట్టలేదు.

అదుగో ఎక్కింది, మూడు మీటర్ల బోర్డు, ముందుకి రెండున్నర పల్టీలు, ఇదే అన్నిటికంటే ఎక్కువ మార్కులు తెచ్చేది అని కారులో చెప్పింది తండ్రికి, నిలబడింది, నడిచింది, ఎగిరి బోర్డు చివర రెండు పాదాలతో తొక్కింది, ఎంత ఎత్తుకి లేచిందో, ముడుచుకుని, టక్ అంటారు దాన్ని, మోకాళ్ళు గుండెకి లాక్కుని రెండు చేతులతో కాళ్ళని పట్టుకుంది, ఒక చుట్టు, అంతే, చేతులు విడిపోయాయి, పట్టుకున్న తాడు తెగినట్టు కాళ్ళు రెండూ విచ్చుకుపోయాయి, తిరగాల్సిన ఒళ్ళు గాల్లో తిరగడం మానేసింది, వెల్లకిలా, బల్లపరుపుగా, నీళ్ళని కొట్టిన చప్పుడు పైకప్పు దాకా పోయి తిరిగొచ్చింది, ఎవరో అయ్యో అన్నట్టు ఇంగ్లీషులో ఏదో అన్నారు, వంశీధర్ లేచి నిలబడ్డాడు, వాసవికి లేవాలనే తెలియలేదు, నీళ్ళ కింద నల్లగా ఒక ఆకారం, పైకి రాదేం, రాదేం, వచ్చింది, అంచు పట్టుకుని దగ్గింది, గ్యాలరీ వైపు బొటనవేలు చూపించింది, బావున్నానని, వీపంతా ఎర్రగా, యూనివర్సిటీ కోచ్ ఏదో అడిగింది, భవిత తల అడ్డంగా ఊపి ఏదో చెప్పింది, ఆవిడ రాసుకుంది, అంతే, ఒక గీతంత రాత.

క్లబ్బు కోచ్ మార్నీ తడి చెప్పులతో గ్యాలరీ మెట్లెక్కి వస్తోంది, చిన్నప్పటి నుంచీ భవితకి నేర్పిన మనిషి, నవ్వు మొహం, ఇప్పుడు నవ్వులేదు, వచ్చి ముందు వరుసలో వెనక్కి తిరిగి కూర్చుంది, దెబ్బేం లేదు అంది ముందుగా, తర్వాత గొంతు తగ్గించి, తను మీకు చెప్పొద్దంది, కానీ చెప్పాలి, కాళ్ళకి ఏదో నూనె ఉంది, చేతులు జారిపోయాయి, నేనడిగితే మర్చిపోయి రాసుకున్నానంది, వాసవీ, ఈ పిల్ల మర్చిపోదు, శనివారాలు చిన్నపిల్లలకి మొదటి పాఠం తనే చెబుతుంది, డైవ్ ఉన్న రోజు కాళ్ళకి క్రీములూ నూనెలూ వద్దు, పట్టు నిలవదు అని, మొన్న ఒక పాప లోషన్ రాసుకొస్తే తనే షవర్ దగ్గరికి పట్టుకెళ్ళి కడిగి తెచ్చింది, ఇంకొక్క డైవ్ మిగిలింది, అది బోర్డు వైపుకి వెనక్కి తిరిగేది, పట్టు జారితే తల బోర్డుకి తగులుతుంది, ఆ జిడ్డు పోకపోతే నేను ఎక్కనివ్వను, ఈ విరామంలో ఏమైనా చేయగలరేమో చూడండి, అంతా చెప్పి లేచింది, నూనె ఎవరు రాశారని అడగలేదు, అడిగితే బావుండేది, వంశీధర్ వాసవి మొహంలోకి చూసి చూపు తిప్పుకున్నాడు, ఒట్టి సబ్బుకి పోదది, క్యాంటీన్‌లో గిన్నెలు తోమే సబ్బు ఉంటుంది, అడిగి తెస్తా, నువ్వెళ్ళు అన్నాడు, కాగితపు కప్పులో నీలం రంగు సబ్బు తెచ్చి ఆడవాళ్ళ గది బయట అందించాడు, మూకుళ్ళ జిడ్డే పోతుందట, నీ కూతురెంత అన్నాడు, నవ్వబోయాడు గానీ ఈసారి అతనికీ రాలేదు.

షవర్ల దగ్గర బల్ల మీద ఒక్కతే కూర్చుని ఉంది, తడి జుట్టు, ఆ గుడ్డ ఇంకా చేతిలోనే, మామ్, వై ఆర్ యూ హియర్, ఐయామ్ ఫైన్, నేనే లేటుగా టక్ చేశా, దట్సాల్ అంది గబగబా, అబద్ధం చెప్పేటప్పుడు చిన్నప్పుడూ అంతే, అడగకముందే చెప్పేసేది, వాసవి ప్యాంటు తడుస్తుందని చూసుకోకుండా గచ్చు మీద మోకాళ్ళ మీద కూర్చుంది, కాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది, వేడినీళ్ళు తిప్పింది, ఐ కెన్ డూ ఇట్ అంది భవిత, అంది గానీ కాలు లాక్కోలేదు, నురగ లేచింది, కొబ్బరి వాసన సబ్బు వాసనతో కలిసింది, పొద్దున ఎంత శ్రద్ధగా పట్టించిందో అంత శ్రద్ధగా వదిలించాలి, పగుళ్ళ మీద సబ్బు మండుతుందేమో, మండుతోందా అంటే లేదంది, మండుతుంది, తెలుసు, బోర్డు కింద అది అంతసేపు రుద్దుకున్నది దీనికే, ఆదివారాల నియమమూ దీనికే, ఆ రోజు ప్రాక్టీసు ఉండదు, తల్లికి కనబడుతోందనీ తెలుసు దానికి, తల్లి చూస్తూ ఉంటే ఆమె రాసిన నూనె కడుక్కోవడానికి షవర్ దగ్గరికి వెళ్ళలేక అక్కడే నిలబడి రుద్దుకుంది, తెలుసు కదమ్మా నీకు, వద్దని చెప్పొచ్చు కదా, ఒక్క మాట, నేనాగిపోయేదాన్ని కదా అంది, భవిత కాలి మీంచి జారిపోతున్న నురగని చూసింది, తర్వాత తెలుగులో, తనకి అంతగా తిరగని తెలుగులో, నువ్వు పిలిచావు అంది.

అంతే అంది, ఏడవలేదు, పొద్దున గడియారం చూసినప్పుడు తూచింది కాబోలు, ఒకవైపు తొమ్మిదేళ్ళ ప్రాక్టీసు, యూనివర్సిటీ, జీవితం, ఇంకోవైపు అమ్మ చెయ్యి, చెంచా పట్టుకున్నంత సేపట్లో తేల్చుకుని వచ్చి కూర్చుంది, పోయింది మామ్, ఇట్స్ గాన్ అంది, జిడ్డు ఎప్పుడో పోయింది, వేలితో గీస్తే కీచుమంటోంది చర్మం, అయినా వాసవి చెయ్యి తీయలేదు, పిల్ల కాలు తీయలేదు, మైకులో పేరు పిలిచారు, బావిటా అని, ఇంటిపేరు దగ్గర తడబడి ఆగారు, భవిత లేచింది, తల్లి భుజం మీద చెయ్యి ఆన్చి లేచింది, ఆ బరువు ఎంతో కొత్తగా ఉంది, ఎంత పొడుగయింది ఇది, తలుపు ఊగి ఊగి ఆగింది, వాసవి తడి గచ్చు మీదే ఉండిపోయింది, వెళ్ళి చూడాలి, ఆ చోటు వస్తుందో రాదో, ఐప్యాడ్‌లో ఆ గీత చెరుగుతుందో చెరగదో, బయట బోర్డు అదిరింది, నీళ్ళు చీలిన చప్పుడు చిన్నగా వినిపించింది, తర్వాత చప్పట్లు, అన్నిటికంటే గట్టిగా కొడుతున్నది వంశీధరే అయ్యుంటుంది, చేతుల నిండా నురగ, కడుక్కోవాలనిపించలేదు, నూనె అని కేకపెట్టి అడిగేది పెద్దది, దాని కేకకి సీసా తీసేది తను, సీసా తీశాక నువ్వూ రావే అని పిలిస్తే వచ్చేది చిన్నది, ఇన్నేళ్ళూ అలాగే వచ్చింది, కేకపెట్టే పిల్ల పోయాక ఇంట్లో ఎవరూ అడగలేదు, క్లాసులో చెయ్యెత్తని పిల్ల దగ్గరికి బెంచీ దాకా నడిచి వెళ్ళే మనిషి, పక్క గది తలుపు దాకా వెళ్ళలేదు, నిబ్బరమన్నారు జనం, అవునంది తను, నిబ్బరం కాదది, పిలుపు కోసం కూర్చోవడం, ఏడాది పొడుగునా కూర్చుంది ఈ పిల్ల, అడగలేదు కాబట్టి అక్కర్లేదనుకున్నది తనే.