పిలిస్తే పలకాల్సిన పేరు

పలాస జీడిపప్పు రుచి తెలియని తెలుగువారు తక్కువ. ఆ పప్పు పొట్టు ఒలిచే ఆడవాళ్ళ పేర్లు తెలిసినవారు అంతకంటే తక్కువ. సరే, అది మన దోషం. కానీ ఆ ఆడవాళ్ళకే తమ ఫ్యాక్టరీ గేటు ముందు ఏళ్ళ తరబడి కూర్చునే మనిషి పేరు తెలియదంటే ఏమనాలి? ఈ కథ ఆ గేటు దగ్గరే మొదలవుతుంది.

అది 2003 ఫిబ్రవరి. పలాసను ఆనుకుని ఉన్న కాశీబుగ్గలోని ఒక జీడి ఫ్యాక్టరీలో అన్నం వేళయింది. పిక్కలు కొట్టేవాళ్ళు చేతులకంటిన జీడి నూనెను బూడిదతో రుద్దుకుంటున్నారు. పొట్టు తీసేవాళ్ళు క్యారేజీలు పట్టుకుని గేటు పక్క నీడలోకి వచ్చారు. సంత రోజు కాబట్టి మందస కొండల నుంచి దిగిన ఆడవాళ్ళు కొందరు చీపుర్లు, చింతపండు, అడ్డాకులు పెట్టుకుని అక్కడే కూర్చున్నారు.

"సీపురూ! ఇటు రాయే," అని కేకేసింది పైడమ్మ.

అక్కడ అమ్మేవాళ్ళకు సరుకే పేరు. చీపుర్లు తెచ్చినామె చీపురు, చింతపండు తెచ్చినామె చింతపండు. అందరినీ కలిపి అనాలంటే కొండోళ్ళు. ఇందులో ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. చిక్కంతా అక్కడే ఉంది. కావాలని తిట్టినవాడు ఏదో ఒకనాడు సిగ్గుపడతాడు. తప్పని తెలియకుండా చేసేవాడికి సిగ్గెక్కడి నుంచి వస్తుంది?

పైడమ్మ పొట్టు సెక్షనుకు మేస్త్రీ. భావనపాడులో పుట్టి, పెళ్ళయి కాశీబుగ్గ వచ్చిన మనిషి. నోరు పెద్దది, చెయ్యి అంతకంటే పెద్దది. ఎవరింట్లో జ్వరమొచ్చినా జావ కాచి పట్టుకెళ్తుంది. చీపురు కట్టను తిప్పి తిప్పి చూసి, "ఏటిది, సగం సీపురు, సగం గడ్డి! కొండోళ్ళు కూడా మోసాలు నేర్సీసినారే," అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

పొట్టు సెక్షనులోనే పనిచేసే సుస్మిత కూడా నవ్వింది. అందరికంటే ఒక క్షణం ముందే నవ్వింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, కొండోళ్ళ మాట వస్తే ముందుగా నవ్వడం ఆ పిల్లకు అలవాటయింది.

చీపుర్లామె డబ్బులు అందుకుని లేస్తూ, సుస్మిత పక్కగా వెళ్తూ, మిగతావాళ్ళకు అర్థం కాని భాషలో మెల్లగా నాలుగు మాటలంది. ఆ మాటలకు సుస్మిత చేతిలోని అన్నం ముద్ద నోటిదాకా వెళ్ళలేదు.

"ఏటంతాదే అది?" అంది పక్కనున్న ఉమ.

"నాకేటి తెలుసు? దాని భాష దానిది," అంది సుస్మిత.

ఆ భాష సుస్మితదే. చీపుర్లు అమ్మే ఆమె పేరు చామంతి. సుస్మితకు స్వయానా తల్లి చెల్లెలు.

బయటివాళ్ళు సవరలని పిలిచే ఆ జనం తమలో తాము సొర అని చెప్పుకుంటారు. వాళ్ళ ఊళ్ళో బిడ్డ పుడితే కొత్త పేరు వెతకరు. ఇంట్లో పోయిన పెద్దల్లో ఒకరి పేరు ఆ బిడ్డకు ఇస్తారు. పోయినవాళ్ళే తిరిగి వచ్చారని నమ్మకం. సుస్మితకు తాతమ్మ పేరు వచ్చింది. ఆ పేరు ఒనంతి.

అప్పటికి ఆ తాతమ్మ భర్త, ముత్తాత, ఇంకా బతికే ఉన్నాడు. పాకే పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "ఒనంతీ, నన్నొదిలి ఇన్నాళ్ళు ఎక్కడికి పోయావే?" అని తగాదా పెట్టుకునేవాడట. ఆ ఏటి కొత్త మామిడిలో మొదటి ముక్క పిల్ల నోట్లో పెట్టాకే తాను తినేవాడు. ఊరందరూ నవ్వేవారు. ముసలాయన మాత్రం నవ్వేవాడు కాదు.

ఆ పిల్లను చదువుకు హాస్టల్లో చేర్పిస్తే, మొదటి రోజే వార్డెనమ్మ, "ఇదేం పేరు, నోరు తిరగడం లేదు. ఇకనుంచి నువ్వు సుస్మితవి," అంది. ఆవిడ బలపం చేతికిచ్చి అక్షరాలు దిద్దించిన మనిషే. మంచి చేస్తున్నాననే అనుకుంది. పదో తరగతి తప్పి కాశీబుగ్గ వచ్చినప్పుడు, పైడమ్మ ఇంట్లో గది అడుగుతూ, "మాది కంచిలి దగ్గరండి, కొబ్బరి తోటల్లో కూలోళ్ళం," అని చెప్పింది సుస్మిత. ఇంటిపేరు సవర అని చెబితే గది దొరకదని ఆ వీధిలో అంతకుముందు రెండిళ్ళ గడపలు ఆమెకు నేర్పాయి.

చామంతి ఆ మధ్యాహ్నం చెప్పిన మాటల సారం ఇది. ఏటా కందికొత్తల పండగకైనా, ఇంకెక్కడైనా, ఆట మొదలుపెట్టే ముందు, డప్పు పట్టిన పెద్ద పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పిలుస్తాడు. ఆ పేరు మోస్తున్నవాళ్ళు "వచ్చాను" అని పలికి వరుసలో చేరాలి. అది ఆ ఊరి ఆచారం. ఒనంతి పేరు పిలిచినప్పుడల్లా, "దారిలో ఉంది, వస్తుంది" అని ఇన్నేళ్ళూ చామంతే బదులు పలుకుతూ వచ్చింది. ఇప్పుడు సుస్మిత అన్నకు ఆడపిల్ల పుట్టింది. పలకనివాళ్ళ మీద పేరు ఊరికే ఉండకూడదని పెద్దలన్నారు. ఒక పేరు ఇద్దరు మోయకూడదు. ఈసారి పలకకపోతే ఆ పేరు తీసి పసిదానికి ఇచ్చేస్తారు.

"ఈసారి నేను అబద్ధం పలకను. ఏరు దాటి తెప్ప తగలేసినదానివి, నీకు ఆ పేరెందుకు?" అని ముగించింది చామంతి.

సుస్మిత ఆ సాయంత్రం గదికి వచ్చి బాగా ఆలోచించింది. నిజానికి ఆమెకు తేలిగ్గానే అనిపించింది. ఇక్కడ ఎవరూ పిలవని పేరు, చెప్పుకోలేని పేరు. ఇచ్చేస్తే పీడా పోతుంది కదా! పసిది మోసుకుంటుందిలే అనుకుంది. అయినా అన్నం సహించలేదు.

ఆ నెలాఖరున ఫ్యాక్టరీల యజమానులందరూ కలిసి స్కూలు మైదానంలో జీడి ఉత్సవం జరిపారు. కార్మికులందరికీ ముందు వరుసల్లో చోటిచ్చారు. పైడమ్మకు ఒక పక్క ఉమ, ఇంకో పక్క సుస్మిత కూర్చున్నారు. పాటలయ్యాయి, మిమిక్రీ అయింది. అప్పుడు కార్యక్రమం నడిపిస్తున్న లోకనాథ్ అనే కాలేజీ లెక్చరర్ మైకు అందుకుని, "ఇప్పుడు మన గిరిపుత్రుల అరకు ధింసా నృత్యం!" అని ప్రకటించాడు.

వేదిక మీదికి వచ్చినవాళ్ళను చూసి సుస్మిత తల వంచుకుంది. ముందు డప్పుతో నడుస్తున్నది తన మేనమామ గున్నయ్య. వెనక కొమ్ము బూర, నెమలీకలు, గొడుగులు పట్టుకున్న మగవాళ్ళు. ఆడవాళ్ళ వరుసలో చామంతి. వాళ్ళ నేత చీరల మీద ఎవరో ప్లాస్టిక్ ఆకుల పావడాలు కట్టించారు. తలకు కోడి ఈకల పట్టీలు, బుగ్గల మీద తెల్ల చుక్కలు. లోకనాథ్ చెడ్డవాడు కాడు. కొండవాళ్ళంటే జనం ఇలాగే ఉంటారనుకుంటారు కాబట్టి అలాగే చూపించాలనుకున్నాడు, అంతే.

గున్నయ్య డప్పు మీద చెయ్యి వేశాడు గానీ వాయించలేదు. గొంతెత్తి, "జమానో!" అని పిలిచాడు.

"వచ్చాను!" అని తమ భాషలో పలికి ఒక కుర్రవాడు వరుసలో చేరాడు.

"మెంగాలు!"

"వచ్చాను!"

లోకనాథ్ పక్కకు వచ్చి, "హాజరు పట్టీ ఎందుకు తాతా, టైము లేదు. నేరుగా డ్యాన్సు మొదలెట్టండి," అన్నాడు. మైకు తెరిచే ఉండటంతో అది అందరికీ వినిపించి మైదానమంతా నవ్వింది.

"పిలవకపోతే ఆట లెగదు బాబూ," అన్నాడు గున్నయ్య. ఆ తరువాత మళ్ళీ గొంతెత్తాడు. "ఒనంతీ!"

ఎవరూ పలకలేదు. చామంతి నోరు విప్పలేదు. వెనక నుంచి కుర్రాళ్ళు ఆ పేరును వెక్కిరిస్తూ సాగదీసి అరిచారు. ఈల వేశారు.

"అవేటి పేర్లే, కుక్కలికి ఎట్టినట్టు!" అని ఉమ కిసుక్కున నవ్వింది.

ఎప్పుడూ అందరికంటే ముందు నవ్వే సుస్మితకు ఈసారి నవ్వు రాలేదు. ఊళ్ళో ఉయ్యాలలో పడుకున్న అన్నకూతురు మనసులో మెదిలింది. రేపు ఆ పిల్లా హాస్టలుకు వెళ్తుంది. ఆ పిల్ల పేరుకూ ఎవరికో నోరు తిరగదు. ఆ పిల్ల కూడా ఏదో ఒక గేటు దగ్గర కూర్చుని అందరికంటే ముందు నవ్వడం నేర్చుకుంటుంది. తాను ఇచ్చేస్తున్నది పేరు కాదు, ఆ పేరుకు పట్టించిన సిగ్గు. మోయలేక దించిన బరువును ఇంకా కళ్ళు సరిగా తెరవని పసిదాని నెత్తిన పెడుతోంది. మొదటి మామిడి ముక్క తనకోసం దాచిన ముసలాయన గుర్తొచ్చాడు.

గున్నయ్య ఇంకోసారి పిలిచాడు. ఆ గొంతులో కోపం లేదు. పొలంలో ఉన్న మనిషిని అన్నానికి పిలిచినట్టు పిలిచాడు.

సుస్మిత లేచి నిలబడింది.

"వచ్చాను!" అంది, పైడమ్మకు తెలియని భాషలో.

ముందు వరుసలన్నీ ఆమె వైపు తిరిగాయి. ఉమ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. సుస్మిత ఎవరినీ చూడకుండా మెట్లెక్కి వేదిక మీదికి వెళ్ళింది. చామంతి తన నడుముకు కట్టిన ప్లాస్టిక్ ఆకులు విప్పి మూలకు గిరాటేసి, అక్క కూతురి నడుం చుట్టూ చెయ్యి వేసింది. మిగతా ఆడవాళ్ళూ ఆ ఆకులు విప్పేశారు.

లోకనాథ్ కాస్త తడబడ్డాడు. మైకు చేత్తో మూసి, "అమ్మా, మరి ఏమని చెప్పమంటావు?" అని అడిగాడు. ఆ మాట ముందే అడిగి ఉండాల్సిందని అతనికి అప్పుడే తోచినట్టుంది.

"ధింసా అరకువాళ్ళది. ఇది మందస కొండల్లో సొరల ఆట. మీరు సవరలంటారు. కంది పంట ఇంటికొచ్చినప్పుడు ఆడతాం," అంది సుస్మిత.

అతను అలాగే చెప్పాడు. అప్పుడు డప్పు మోగింది. బాగా ఆడిందా అంటే లేదు. ఏళ్ళ తరువాత వేసిన అడుగులు, పక్కవాళ్ళను చాలాసార్లు తొక్కింది. మైదానం చప్పట్లు కొట్టింది, కొందరు వెక్కిరించారు కూడా. ఏదీ ఆమె చెవికెక్కలేదు.

ఇంటికి వచ్చేసరికి పైడమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ముఖం ముటముటలాడుతోంది.

"ఇన్నాళ్ళూ నా ఇంట్లో ఉన్నావు, నా సేతి కూడు తిన్నావు. నాకెందుకు సెప్పలేదే?"

"సెప్తే గది ఇచ్చేదానివా పెద్దమ్మా?"

పైడమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "నేదు. ఇయ్యకపోదును," అంది చివరికి. ఆ మాట ఆమె నోట్లోంచి కష్టంగా వచ్చింది, కానీ నిజంగా వచ్చింది.

"మరి ఇప్పుడు ఖాళీ సెయ్యమంతావా?"

"నోర్ముయ్యే. నోపలికి పోయి అన్నం తిను." కాసేపటికి తానే లోపలికి వచ్చి పీట వేసుకుని కూర్చుంది. "నాను సిన్నప్పుడు భావనపాడు నుంచి సేపల బుట్ట నెత్తినెట్టుకుని మాయమ్మతో టెక్కలి ఎల్లేదాన్ని. వీది వీదినా 'సేపా, ఇటు రాయే' అనీవోరు. మాయమ్మ పేరు బంగారమ్మ. ఆ టెక్కల్లో ఒక్కరికీ తెల్దు. ఇంటికొచ్చి ఏడిసీది. మరి నాను ఇన్నాళ్ళూ ఆ గేటుకాడ సేసినదేటి?" అంది. విస్తరిలో కూర వడ్డించింది.

పసిపిల్లకు వేరే తాతమ్మ పేరు పెట్టారు. ఫ్యాక్టరీలో కొందరు సుస్మిత దగ్గర కూర్చోవడం మానేశారు. ఉమ కొన్నాళ్ళు మొహం చాటేసి, తరువాత తానే వచ్చి, "నీ పేరు నాకు సరిగ్గా పలకడం నేర్పు," అంది. లోకం ఒక్కరోజులో మారిపోయిందని నేను చెప్పను. చెప్పినా మీరు నమ్మకూడదు.

మళ్ళీ సంత వచ్చింది. అన్నం వేళ గేటు దగ్గర చామంతి చీపుర్లు పేర్చుకుంటోంది. కొత్తగా చేరిన పిల్ల ఒకతె క్యారేజీ మూత తీస్తూ, "సీపురూ! ఇటు రా," అని కేకేసింది.

పైడమ్మ చెయ్యెత్తి ఆ పిల్లను ఆపింది. ఒనంతి తన పక్కనే ఉంది, అయినా ఆమె వైపు చూడలేదు. చెప్పాల్సింది తానేనని ఆమెకు తెలుసు.

"గుండు, బద్ద, నూక అని జీడిపప్పుకి మనం పేర్లెట్టుకున్నాం. పప్పుకి నోరు నేదు గనక సెల్లిపోయింది. ఎల్లి ముందు ఆవిడ పేరు అడుగు. సరుకుకి పేరు మనం ఎట్టొచ్చు, మనిసి పేరు మాత్రం ఆ మనిసే సెప్పాల, మనం పిలవాల."